ఉప్పు పట్టించని వంకాయలు

బ్రన్స్‌విక్, మెల్‌బోర్న్
14 అక్టోబరు 1986, మంగళవారం

ఒర్తెన్సియా వదినకి,

ఎర్సీలియా అనేక నమస్కారాలతో రాస్తున్నది. పునీత బార్తొలొమెయో చల్లని చూపు వల్ల ఇక్కడ నేనూ, మీ అన్నయ్యా, మా పళ్ళ కొట్టూ క్షేమం. అక్కడ నువ్వూ, నీ మోకాళ్ళూ, నేను జ్ఞానతల్లిగా నిలబడి పేరు పెట్టిన మన రోజాల్బా, దాని పిల్లలూ క్షేమమని తలుస్తాను.

పదకొండు ట్రామ్ స్టాపుల దూరానికి ఉత్తరమేమిటని కవరు చూడగానే నవ్వి ఉంటావు. నవ్వుకో. నేను పది గంటల పూజకి వెళ్తానని ఆరేళ్ళుగా నువ్వు ఎనిమిది గంటల పూజకి వెళ్తున్నావు. మీ గుమ్మంలో నిలబడితే తలుపు తీస్తావో లేదో తెలీదు. ఉత్తరమైతే పోస్టుమాన్ మొహం చూసైనా తీసుకుంటావు. చించెయ్యాలనిపిస్తే చివరిదాకా చదివి చించెయ్.

ముందు ఉత్సవం కబుర్లు చెబుతాను. ఈసారి మన ఇటాలియన్ ఉత్సవం క్లబ్బు హాల్లో కాదు. ఊరి నడిబొడ్డున, మెట్ల మీద కూడా తివాచీ పరిచిన పెద్ద థియేటర్లో, పదిహేను రోజులు. కింద వసారాలో బొమ్మల ప్రదర్శన పెట్టారు. మన మంగలి గాస్పరే వేసిన, మనం పుట్టిన దీవి బొమ్మలు పన్నెండున్నాయి. నలభై ఏళ్ళుగా ఆ దీవి మొహం చూడని మనిషి, కొండ నీడ ఏ పూట ఎటు పడుతుందో అచ్చంగా అలాగే దించాడు. అక్కడి మా వీధి చివర వల ఆరేసుకునే రాయి కూడా ఉంది. ఇన్నాళ్ళూ మన మగాళ్ళ గడ్డాలు గీసిన చెయ్యి ఇదేనా అని నోరెళ్ళబెట్టుకుని నిలబడిపోయాను.

ఇక మేండలిన్ కచేరీ. ముప్ఫైమంది ఒకేసారి మీటారు. అందులో సగంమంది ఇటుకలు మోసి, సిమెంటు కలిపి వేళ్ళు మొద్దుబారిపోయినవాళ్ళే. ఆ వేళ్ళలోంచి అంత సన్నని స్వరం ఎలా వస్తుందో దేవుడికే తెలియాలి. మీ అన్నయ్య సంగతి తెలుసుగా, పాట ఎత్తుకోగానే గురక పెట్టే మనిషి. ఈసారి రెప్ప వెయ్యలేదు. మధ్యలో చొక్కా చేత్తో కళ్ళు తుడుచుకుంటూ దుమ్ము పడిందన్నాడు. తివాచీల థియేటర్లో దుమ్మేమిటయ్యా అంటే, నోర్మూసుకుని వినవే అన్నాడు. నాకెంత ముద్దొచ్చాడో చెప్పలేను.

అసలు సంగతికొస్తాను. మొన్న ఆదివారం మధ్యాహ్నం మన బృందం జాలరి తల్లి నాటకం వేసింది. నీ వేషం లొరెదానా కట్టింది. కొత్త డైరెక్టరు లుదొవీకో రెండేళ్ళ క్రితం వచ్చినవాడు, యూనివర్సిటీలో పాఠాలు చెబుతాడు, ఎండాకాలం కూడా మెడకి కండువా చుట్టుకుంటాడు. కిందనుంచి నటులకి మాట అందించే ప్రాంప్టరు పాతకాలపు అలవాటని, నటులన్నాక మాటలు కంఠతా రావాలని, ఈ థియేటర్లో వేదిక ముందు నేను కూర్చోవాల్సిన గూటి మీద చెక్క కొట్టించేశాడు. ఎర్సీలియా గారూ, ఇన్నాళ్ళూ కష్టపడ్డారు, ఇకనుంచి దర్జాగా ముందు వరసలో కూర్చుని చూడండి అన్నాడు. నాకు ఒళ్ళు మండింది గానీ, వెళ్ళి కూర్చున్నాను. ఇరవై ఎనిమిదేళ్ళు క్లబ్బు హాలు గూట్లోంచి నేను చూసిన నాటకమంతా చెప్పులూ, పావడా అంచులూనూ. నాటకం ఎలా ఉంటుందో చూడటం అదే మొదటిసారి.

లొరెదానాకి వంక పెట్టడానికి లేదు. ఒక్క అక్షరం తప్పలేదు. మూడో అంకంలో పడవ మునిగిన కబురు రాగానే రెండు చేతులూ పైకెత్తి, ఓ సముద్రమా నా బిడ్డను నాకు తిరిగిచ్చెయ్ అంది. బాగానే అంది. కానీ హాల్లో ఒక్క చేతిరుమాలు కదలలేదు. నా వెనక వరసలోంచి నున్సియాతా ముసలమ్మ, ఆవిడ గుసగుస వీధి చివరికి వినిపిస్తుందని నీకు తెలుసు, మరి వంకాయలేవే అంది. పక్కావిడ, ష్, ఉండవే, ఇప్పుడంటుంది అంది. అలా ఆశగా చూస్తూనే ఉన్నారు. తెర పడిపోయింది.

తర్వాత వసారాలో, గాస్పరే బొమ్మల ముందు, ఆరుగురు ముసలమ్మలు లుదొవీకోని చుట్టుముట్టారు. ఏం నాయనా, వంకాయల మాట ఎందుకు కోసేశావని నిలదీశారు. ఏ వంకాయలండీ అని అతను తెల్లబోయాడు. కొడుకు పోయిన కబురు తెలియగానే తల్లి అంటుందే, అయ్యో వంకాయలకి ఉప్పు పట్టించలేదే అని, ఆ మాటయ్యా, ఒర్తెన్సియా అంటే చెవులారా విన్నాం, మమ్మల్ని వెర్రివాళ్ళని చెయ్యకు అన్నారు. పాపం అతను పుస్తకం తెచ్చి, పేజీ తిప్పి, చూడండమ్మా ఇందులో లేదు అన్నాడు. అప్పుడు నున్సియాతా, నీ పుస్తకం రాసినవాడికి కొడుకు పోయాడా అని అడిగింది. నాకు పోయాడు, కబురు చెబుతుంటే నా మనసు పొయ్యి మీద పాల మీదుంది, పొంగిపోతాయేమోనని, అంతే, ఇంకేమీ తోచలేదు అంది. లుదొవీకో పుస్తకం మూసేశాడు. మెడలో కండువా తీసి చేత్తో పట్టుకుని, ఒర్తెన్సియా ఎవరు అని అడిగాడు. అందరూ నా వైపు చూశారు.

ఆరేళ్ళ నాటి ఆ రోజు సంగతి నువ్వు మర్చిపోయి ఉండవు. అయినా నన్ను చెప్పనీ. ఆ వారమే పాత డైరెక్టరు మూడో అంకం మాటలన్నీ మార్చేశాడు. మన నటులు పగలంతా ఫ్యాక్టరీల్లో, కొట్లలో ఒళ్ళు హూనం చేసుకునేవాళ్ళు, ఎవరికి కంఠతా వచ్చాయి గనక! నీకూ రాలేదు. గాభరా పడకు వదినా, నా నోటి వైపు చూడు చాలు అని నీకు ధైర్యం చెప్పింది నేనే. ఆ ఘట్టంలో సముద్రం మాటకి బదులు నా నోటి వెంట వంకాయల మాట వచ్చింది. నువ్వు నన్ను నమ్మి, దాన్నే అన్నావు. హాలు వెనక నిలబడ్డ కుర్రకారు గొల్లున నవ్వారు. తెర పడ్డాక నువ్వు శాలువా తీసి నా గూట్లోకి విసిరికొట్టి, నేను కొడుకుని పోగొట్టుకుంటుంటే నువ్వు వంటింట్లో ఉన్నావా అన్నావు. నోరు జారింది వదినా అన్నాను. నువ్వు మళ్ళీ వేదిక ఎక్కలేదు.

నువ్వు విన్నది నవ్వు ఒక్కటే. నేను గూట్లో ఉన్నాను, ముందు వరసకి మూరెడు దూరంలో. ఆ మాట నువ్వు గట్టిగా అరవలేదు. ఉన్నట్టుండి ఏదో గుర్తొచ్చినట్టు, చేతులు పావడాకి తుడుచుకుంటూ, నీలో నువ్వు అనుకున్నట్టు అన్నావు. కుర్రాళ్ళు నవ్వకముందే ముందు వరసలో ఆడవాళ్ళు వెక్కి వెక్కి ఏడ్చారు. నేను ఎందరో నటీమణులకి మాట అందించాను. అంత గొప్పగా ఒక మాట చెప్పినవాళ్ళని నేను ఎరగను. ఇది పొగడ్త అనుకుంటే అనుకో. నీకు ఆరేళ్ళ క్రితమే చెప్పాల్సింది.

లుదొవీకో ఆ మాటని పుస్తకంలో తన కలంతో రాసుకున్నాడు. ఇరవై ఆరో తారీకు ఆదివారం మధ్యాహ్నం మూడు గంటలకి ఆఖరి ఆట. ఆ వేషం నువ్వే కట్టాలని అతని కోరిక. లొరెదానా కూడా ఏమీ చిన్నబుచ్చుకోలేదు, ఆవిడ ఎలా అంటుందో దగ్గరుండి చూస్తాను, నేర్చుకుంటాను అంది. ఆరేళ్ళయింది, నీకు మాటలు గుర్తుండవు కాబట్టి గూటి మీద చెక్క ఊడదీయిస్తానన్నాడు. నన్ను అందులో కూర్చోమన్నాడు. సరే, ముందు వదినకి రాయనివ్వండి అన్నాను.

నువ్వు వస్తే ఊరంతా వస్తుంది. నున్సియాతా అప్పుడే పది టిక్కెట్లు తీసుకుని, రానని అన్నావంటే నీ ఇంటి మీదకొస్తానని బెదిరిస్తోంది. రోజాల్బాకి నా ముద్దులు.

నీ
ఎర్సీలియా

తా.క.: సంతకం పెట్టాక కవరు అంటించడానికి చేతులు రాలేదు. లుదొవీకోకి, మీ అన్నయ్యకి, పాపసంకీర్తనంలో పాదిరిగారికి కూడా నోరు జారిందనే చెప్పాను. జారలేదు వదినా. ఆ మాట పొద్దున్న స్నానం చేస్తూ అనుకుని, దారంతా మననం చేసుకుంటూ వచ్చాను. ఇరవై రెండేళ్ళు ప్రతి మాటా ముందు నా నోట్లో పుట్టింది, చప్పట్లు మాత్రం నీకు మోగాయి. నాకు కుళ్ళుగా ఉండేది. ఒక పనికిమాలిన మాట నీ నోట్లో పెట్టి, నువ్వు నవ్వులపాలైతే చూడాలనుకున్నాను. నువ్వు ఆ మాటతో జనాన్ని ఏడిపించావు. నా నోటికీ నీ గొంతుకీ ఉన్న తేడా ఏమిటో అప్పుడు తెలిసింది. నీ దగ్గరకొచ్చి క్షమించమని అడగలేకపోయింది అందుకే. నవ్వినవాళ్ళ ముందు కాదు, ఏడ్చినవాళ్ళ ముందు నాకు తలెత్తలేనంత సిగ్గేసింది. ఇది దాచిపెట్టి నా నోటిని నమ్ముకుని రమ్మని మళ్ళీ పిలవడం నావల్ల కాలేదు.

గూట్లో నేను ఉండాలో వద్దో నువ్వే చెప్పు. వద్దంటే లొరెదానా కూర్చుంటుంది, తనతో మాట్లాడాను. ఉండమంటే పుస్తకంలో ఉన్నది తప్ప ఒక్క అక్షరం పలకను. వంకాయల దగ్గర మాత్రం పెదవి కదపను. అక్కడ నా వైపు చూడకు, నువ్వే అనెయ్.