చెల్లిన రొట్టె

అమ్మగారికి,

మన చర్చి సంఘమంతా నిన్ను పిలిచినట్టే నేనూ పిలుస్తున్నాను, పేరు పెట్టి పిలిచే మొహం లేక. రోజూ ఫోన్లో "ఇక్కడంతా బాగానే ఉంది, నువ్వు మీ చెల్లెలి కాలు సంగతి చూసుకో" అంటున్నానే, అది అబద్ధం. నోటితో చెప్పలేక రాస్తున్నాను. మీ చెల్లెలికి వినిపించకు.

దర్జీ ఆవిడకి జబ్బు బాగా ముదిరిందని నీకు తెలుసు. నేను సభలకని ఊరెళ్ళినప్పుడు ఆవిడకి ఊపిరి అందలేదట. ఇక ఇదే ఆఖరు అనుకుని ప్రభువు బల్ల, ఆ రొట్టె ముక్కా ద్రాక్షరసం చుక్కా, కావాలందట. పక్కన మన పార్లరమ్మ ఉంది. మందులకి జుట్టు ఊడిపోతుంటే గుండు చేసింది ఆవిడే కదా, అప్పట్నుంచి పార్లర్ కట్టేసి తిన్నగా అక్కడికే పోతోంది. నాకు ఫోన్ చేస్తే కలవలేదు. ఏం చేస్తుంది పాపం? ఇంట్లో ఉన్న బ్రెడ్డు ముక్క తీసి, నాలుగు ద్రాక్షపళ్ళు గ్లాసులో పిండి, నోటికొచ్చిన ప్రార్థన చేసి ఇచ్చేసింది. ప్రవక్తల్నీ అపొస్తలుల్నీ కలిపి కలగాపులగం చేసే ఉంటుంది, అది వేరే సంగతి. దర్జీ ఆవిడ తిని హాయిగా నిద్రపోయింది. ఊపిరి కూడా కుదురుకుంది.

నేను తిరిగొచ్చేసరికి సంఘ పెద్దలు మన వరండాలో కూర్చుని ఉన్నారు. లెక్కల మాస్టారు మొహం మాడ్చుకుని, "మా తాతల నాటి నుంచి, చేతులుంచి నియమించిన సేవకుడు తప్ప రొట్టె విరిచినవాడు లేడు. జుట్లు కత్తిరించే చేత్తో ఈవిడ విరుస్తుందా? ఎవరిచ్చారు అధికారం? మీరేనా?" అని అడిగాడు.

ఇంతవరకు రాసి, లేచి మంచినీళ్ళు తాగి వచ్చాను.

నేను ఊరెళ్ళకముందు, మంగళవారం బైబిలు క్లాసులో సరిగ్గా ఈ ప్రశ్నే పార్లరమ్మ నన్ను అడిగింది. "విశ్వాసులందరూ సేవకులే. మనిషి ప్రాణం మీదికొస్తే నా కోసం కాచుకుని కూర్చోకండి, మీరే ఇవ్వండి" అని నొక్కి మరీ చెప్పాను. అలాంటిది మాస్టారు అడగ్గానే, "లేదండీ, నేను చెప్పలేదు" అన్నాను. ఎంత తేలిగ్గా వచ్చేసిందో ఆ మాట! ఉద్యోగం పోతుందని భయపడ్డానంటే నువ్వు జాలిపడతావేమో. అది కూడా కాదు. ఈ మధ్య ఏ గడప తొక్కినా "పార్లరమ్మ వచ్చి ప్రార్థన చేసి వెళ్ళిందండీ" అంటున్నారు. నాకు ఒళ్ళు మండిపోతోంది. నేనే నేర్పాను, నేనే కుళ్ళుకున్నాను. ఛీ, నా బతుకు.

అక్కడితో ఆగినా బాగుండేది. పెద్దల్ని వెంటబెట్టుకుని దర్జీ ఆవిడ ఇంటికెళ్ళి, "ఆ రోజుది చెల్లదమ్మా, మళ్ళీ ఇస్తాను" అన్నాను. ఆవిడ కళ్ళు పెద్దవి చేసి, "అంటే... ఆ రోజే పోయుంటే నేను బల్ల తీసుకోకుండానే పోయేదాన్నా అయ్యగారూ?" అంది. నెమ్మదిగా పడుకున్న మనిషికి చావంటే భయం పెట్టి, రెండోసారి రొట్టె ఇచ్చి వచ్చాను. పార్లరమ్మ మూలన నిలబడి ఉంది. "మీరే కదా అయ్యగారూ..." అని మొదలెట్టి, పెద్దల వంక చూసి, నా వంక చూసి, మాట మింగేసింది. నన్ను కాపాడటానికే మింగింది. అది గుర్తొస్తే అన్నం సహించడం లేదు.

వచ్చే ఆదివారం కాక ఆపై ఆదివారం ఆమెని బల్లకి దూరం పెడుతున్నట్టు ప్రకటన. అది చదవాల్సింది నేనే. ఏం చెయ్యమంటావు?

నీ,
తల ఎత్తుకోలేనివాడు

*

ఏమండోయ్ అయ్యగారూ,

మీ ఉత్తరం చదివాను. మా చెల్లికి వినిపించలేదు గానీ, నా ఏడుపు విని "ఎవరు పోయారే అక్కా?" అంది. "మీ బావ పరువు" అన్నాను.

ఆ మంగళవారం నేను వెనక బెంచీలో కూర్చున్నానని మర్చిపోయారు. మీరన్న ప్రతి ముక్కా విన్నాను. ఇంటికొచ్చాక "ఎంత బాగా చెప్పారండీ" అని మురిసిపోయాను కూడా. పిచ్చిదాన్ని.

కోపం లేదనుకునేరు, బోలెడంత ఉంది. అబద్ధం చెప్పినందుకు కాదు. చావబోయే మనిషిని భయపెట్టినందుకు. ఇక ఏం చెయ్యాలంటారా? అది మీకు తెలుసు, ధైర్యం లేక నన్ను అడుగుతున్నారు. చాటుగా వెళ్ళి పార్లరమ్మ దగ్గర కన్నీళ్ళు పెట్టుకుని వచ్చేస్తే కుదరదు. నలుగురి ముందూ కాదన్నారు, నలుగురి ముందే ఔననండి. ఆ ఆదివారం ఆరాధన అయ్యాక మాస్టారికి ఫోన్ చేస్తాను. మీరు చెప్పి ఉంటే ఆయన ఆరోగ్యం కనుక్కుని పెట్టేస్తాను. చెప్పకపోతే, క్లాసులో నేను విన్నదంతా చెబుతాను. ఆడవాళ్ళు సంఘం విషయాల్లో నోరెత్తకూడదని మరో ఆచారం ఉందిగా మనకి, పనిలో పనిగా అదీ పోతుంది.

వేళకి తినండి. సహించకపోయినా తినండి.

ఇన్నేళ్ళుగా మీ ప్రసంగాలు నమ్ముతున్న
మీ ఆవిడ

*

అమ్మగారికి,

చెప్పేశాను. నువ్వు ఫోన్లో మాస్టారి మోకాళ్ళ నొప్పులు మాత్రమే అడిగావట, ఆయనే ఆశ్చర్యపోతూ చెప్పాడు.

ప్రకటన కాగితం మడిచేసి, "ఇందులో ఉండాల్సింది నేను. ఇమ్మని చెప్పింది నేనే, చెప్పలేదని బొంకిందీ నేనే" అన్నాను. బల్ల అంచు గట్టిగా పట్టుకున్నాను. మాస్టారు లేచి, "అయితే అబద్ధమాడిన చేత్తో మాకు రొట్టె వద్దు" అన్నాడు. న్యాయమే. బల్ల మీద గుడ్డ కప్పేశారు. నన్ను కొన్నాళ్ళు పక్కన పెట్టమని పైవాళ్ళకి రాస్తున్నారు. పార్లరమ్మ ఊసు మాత్రం ఎవరూ ఎత్తలేదు.

అట్నుంచి అటే దర్జీ ఆవిడ ఇంటికి వెళ్ళాను. పార్లరమ్మ ఆవిడ గోళ్ళు కత్తిరిస్తోంది. ఇద్దరి ముందూ నిలబడి, "మొదట తీసుకున్నదే చెల్లిందమ్మా, నేను చెప్పింది తప్పు" అన్నాను.

"తెలుసయ్యగారూ," అంది దర్జీ ఆవిడ. గొంతు లోతులోంచి వస్తోంది. "నేను ఏడుస్తుంటే మన పార్లరమ్మే చెప్పింది. రెండూ చెల్లాయట. మొదటిది నా ఆకలికి, రెండోది మీ భయానికి."

"ఊరుకోవే, అవన్నీ ఆయనకి చెప్పాలా!" అని పార్లరమ్మ చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఇద్దరూ నవ్వారు, ఒకావిడకి దగ్గు తెర వచ్చేదాకా. సిగ్గుతో చచ్చిపోయాను. తిట్టినా ఇంత సిగ్గుపడేవాణ్ణి కాదు.

"ప్రార్థన చెయ్యండి" అంది దర్జీ ఆవిడ. కళ్ళు మూసుకున్నాను. ఒక్క మాటా రాలేదు. ఎన్ని ఇళ్ళలో, ఎన్ని మంచాల పక్కన గడగడా చేశానో నీకు తెలుసు. అలాంటిది పెదవి కదల్లేదు. పార్లరమ్మ అందుకుంటుందేమో అని చూశాను. ఆమె నా వంక చూడకుండా గోళ్ళ ముక్కలు ఏరుకుంటోంది.

"ఇలా దగ్గరికి రండి" అంది దర్జీ ఆవిడ. మంచం పక్కన మోకరించాను. పుల్లలాంటి చెయ్యి ఎత్తి నా తల మీద పెట్టింది. "ప్రభువా, మా అయ్యగారు పిరికివాడు. నేనూ పిరికిదాన్నే. నేను ముందు వచ్చేస్తున్నాను. ఈయన్ని మాత్రం ఇక్కడే ఉంచి వాడుకో" అంది. అంతే ప్రార్థన. చెయ్యి తియ్యలేదు, తీసే ఓపిక లేక.

నన్ను సేవకి నియమించిన రోజున ఐదుగురు పెద్దలు ఇదే తల మీద చేతులుంచారు. ఆ రోజు ఫొటోలో ఎలా పడతానో అని ఆలోచించుకున్నాను. నిన్న మాత్రం వెక్కి వెక్కి ఏడ్చాను. ఆమేన్ అనడం తప్ప నాకేం మిగల్లేదు. అదొక్కటీ గట్టిగా అన్నాను.

నీ,
నిన్ననే సేవకుడైనవాడు