తాడు లాగి చూడు

పెద్దమ్మాయికి నాన్న ఆశీస్సులు.

ఇక్కడ అందరం బాగానే ఉన్నాం. అందరం అని రాసేశాను గానీ, ఉన్నది మీ అమ్మా నేనూ ఇద్దరమే. చేతికి పాత అలవాటు, ఆరేళ్లయినా పోలేదు. నువ్వు కులాసాగా ఉన్నావనీ, క్వారీలో కొలతల పని పర్మనెంట్ చేశారనీ తెలిసి చాలా సంతోషించాను. ఆ రాళ్ల దుమ్ములో తిరిగేటప్పుడు ముక్కూ మూతీ కప్పుకునేలా గుడ్డ కట్టుకో తల్లీ. నా సంగతి తెలుసుగా, పొద్దున్నే లేచి దగ్గడం మొదలుపెడితే పక్కింటివాళ్లకి అలారం అక్కర్లేదు.

నీ ఉత్తరం వచ్చి పదిహేను రోజులు దాటింది. ఈ ముసలాయన బద్ధకం ఎక్కడికి పోతుందిలే అని తిట్టుకుంటూ ఉంటావు. ఫోన్ చేస్తే పోయేదానికి ఉత్తరాలేమిటని నీ తోటివాళ్లు నవ్వుతున్నారని రాశావు. నవ్వనీ. ముప్ఫై ఏళ్లు సైలెన్సర్ల పక్కన తల పెట్టి పనిచేశాను, చెవులు ఎప్పుడో రిటైరయ్యాయి. పైగా ఈసారి నేను చెప్పాల్సింది ఫోన్లో అరిచి చెప్పేది కాదు. అది చివర్లో రాస్తాను. ముందు నువ్వడిగినవాటికి జవాబులు.

అమ్మ మోకాళ్లు ఎలా ఉన్నాయన్నావు. అలాగే ఉన్నాయి. నాలుగు మెట్లెక్కితే "అమ్మా" అని కూలబడుతుంది. డాక్టరు దగ్గరికి పద అంటే కర్టెన్లు కుట్టి ఇవ్వాలంటుంది. ఎవరిదో కొత్త ఇల్లట, పదహారు కిటికీలట. కుట్టు మిషను ముందు కూర్చుందంటే ఇక ఈ లోకంలో ఉండదు. "అమ్మకి ఇంకా నా మీద కోపమేనా?" అని కూడా అడిగావు. దానికి కూడా చివర్లోనే జవాబు.

ఇక బండి సంగతి. మీ క్వారీ వెనక ఇసుక దిబ్బల మీద ఆదివారాలు నలుగురు ఆడవాళ్లు నాలుగు చక్రాల క్వాడ్ బళ్లు నడుపుతున్నారనీ, చూస్తుంటే నీ కుడిచేతి బొటనవేలు దానంతటదే కదులుతోందనీ రాశావు. అది చదివి చాలా రోజుల తర్వాత నవ్వాను. కదలదా మరి! సైకిలు కంటే ముందు, బొటనవేలితో యాక్సిలరేటర్ నొక్కే బండి నేర్చుకున్నదానివి. మీ అమ్మ దాన్ని నాలుగు కాళ్ల దెయ్యం అనేది, గుర్తుందా? "మోటార్ సైకిలుకి రెండు చక్రాలు చాల్లేదా, ఇంకో రెండు తగిలించారు?" అని నన్ను దులిపేసేది.

నువ్వు మూడు బళ్లు రాశావు. మొదటిది, ఆ నాలుగు వందల యాభై సీసీ రేసు బండి. దాని జోలికి పోకు. ఆరేళ్లు బండి ముట్టని మనిషికి అది పనికిరాదు. వేలు కాస్త గట్టిగా ఆనిందంటే ముందు చక్రాలు లేచి నిలబడతాయి. రెండోది కొత్తది, బొమ్మలా తళతళలాడుతోందన్నావే, అది నిజంగా బొమ్మే. పేరు ఎవరూ వినని కంపెనీ. ఏడాది తిరక్కుండా బ్రేకు ప్లేట్లు అరిగిపోతే ఎవరి గుమ్మం తొక్కుతావు?

మూడోది, ఆ నలుగురిలో టీచరమ్మ అమ్ముతానంటున్న రెండు వందల యాభై సీసీ ఉందే, నీకు సరిపోయేది అదే. గాలికే చల్లబడే ఇంజను, రేడియేటరూ గీడియేటరూ గోల లేదు. చేత్తో నొక్కే క్లచ్, రివర్స్ గేరు, బటన్ స్టార్ట్. బరువు తక్కువ, ఇసుకలో కూరుకుపోతే ఇద్దరాడవాళ్లు పైకి లాగేయొచ్చు. మళ్లీ మొదలుపెట్టేవాళ్లు తప్పు చేసినా ఓర్చుకుంటుంది. కాకపోతే చూసి తీసుకో. ముందు చక్రాలు పట్టుకుని పక్కలకి ఊపు, టకటకమంటే బేరింగులు పోయినట్టే. కాళ్లు పెట్టే కమ్మీల దగ్గర వెల్డింగులు చూడు, పెయింటు కింద సన్నటి గీత కనిపిస్తే వెనక్కి తిరిగి వచ్చెయ్. ఎయిర్ ఫిల్టరు తీయించి, దాని వెనక గొట్టంలో వేలు పెట్టు. వేలికి ఇసుక తగిలిందంటే ఆ ఇంజను ఇసుక తిని బతుకుతోందన్నమాట. టీచరమ్మ మొహమాటపడినా సరే, నువ్వు మొహమాటపడకు. యాక్సిలరేటర్ నొక్కి వదిలెయ్, టప్పున వెనక్కి రావాలి. మెల్లగా వస్తే అస్సలు వద్దు.

చివర్న నువ్వో మాట రాశావు. "తాడు స్విచ్చి ఏ బండికి గట్టిగా ఉంటుంది నాన్నా? ఈసారి ప్రతిసారీ నా చేత్తో నేనే కట్టుకుంటాను, ఒట్టు, మర్చిపోను" అని. అది చదివి, కాగితం మడిచి, షర్టు జేబులో పెట్టుకున్నాను. అప్పట్నుంచి అది ఆ జేబులోనే ఉంది. ఇప్పుడు దాని మీద నీ అక్షరాల కంటే నా గ్రీజు మరకలే ఎక్కువ.

నీకు తెలిసిందే అయినా మొదట్నించీ చెప్పనీ. మెకానిక్కుని, వరస తప్పితే నాకు తోచదు. ఆ తాడు ఒక కొస మనిషి మణికట్టుకి, ఇంకో కొస హ్యాండిల్ మీద స్విచ్చికి. మనిషి కింద పడితే తాడు లాగుతుంది, స్విచ్చి మూత ఊడుతుంది, ఇంజను ఆగుతుంది. మనింట్లో దానికో పద్ధతి పెట్టాను. చెల్లెలు బండెక్కాలంటే అక్క తాడు కట్టాలి. చిన్నది తనంతట తను కట్టుకునే రకం కాదుగా. పిడుగు అని ఊరికే పిలిచామా దాన్ని!

ఆ రోజు మధ్యాహ్నం వర్క్‌షాపు వెనక కంకర మైదానంలో మీరిద్దరూ దేనికో పడీ పడీ నవ్వుకుంటున్నారు. లోపల నాకు వినిపిస్తూనే ఉంది. ఆ నవ్వుల్లో నువ్వు తాడు కట్టడం మర్చిపోయావు. చిన్నది మన ఎర్ర బండేసుకుని దిబ్బ ఎక్కింది, పైనుంచి పడింది. దుమ్ము పట్టి యాక్సిలరేటర్ బిగుసుకుపోయింది. మనిషి లేని బండి ఉన్నచోటే గుండ్రంగా తిరిగి దాని మీదకే వచ్చింది. నేను పరుగెత్తుకొచ్చేసరికి ఇంజను ఇంకా అరుస్తూనే ఉంది. తాళం తిప్పి ఆపింది నేనే. నువ్వు హ్యాండిల్‌కి వేలాడుతున్న ఆ తాడు పట్టుకుని, "కట్టలేదు నాన్నా, నేను కట్టలేదు" అని అంటూనే ఉన్నావు. దానికి పదిహేడేళ్లు, నీకు పంతొమ్మిది.

నాలుగో రోజు వంటింట్లో మీ అమ్మ నిన్ను అంది. "ఒక్క తాడు. ఒక్క తాడు కట్టలేకపోయావా? నువ్వే చంపావే దాన్ని." నువ్వు తల ఎత్తలేదు. నెల తిరక్కుండా ఉద్యోగం పేరు చెప్పి సూట్‌కేసు సర్దుకున్నావు. ఆ తర్వాత ఇన్నేళ్లలో ఇంటికి వచ్చింది రెండుసార్లు. రెండుసార్లూ బస్సు టైమైందని అన్నం మధ్యలో లేచావు.

ఇప్పుడు విను అమ్మడూ. ఆ రోజు నువ్వు తాడు కట్టి ఉన్నా ఇంజను ఆగేది కాదు.

అంతకు రెండు నెలల ముందు ఆ స్విచ్చిలో నీళ్లు దిగి తుప్పు పట్టింది. బండి నడుస్తూ నడుస్తూ ఉన్నట్టుండి ఆగిపోయేది. "ఏం మెకానిక్కువి నాన్నా నువ్వు, సొంత బండి బాగుచేసుకోలేవు" అని చిన్నది ఎగతాళి చేసింది. సరే అని సీటు తీసి, స్విచ్చి నుంచి వచ్చే రెండు వైర్లు కోసి, ఒకదానికొకటి మెలేసి, నల్ల టేపు చుట్టేశాను. ఇక బండి ఆగలేదు. తాడు మాత్రం హ్యాండిల్ మీద అలాగే ఉంది, చూడ్డానికి. పది రోజుల్లో కొత్త స్విచ్చి వచ్చింది. ఆ రోజే ఎవరో కస్టమరు అర్జెంటన్నాడు, అతని బండికి వేశాను. మనదే కదా, తర్వాత చూద్దాం అనుకున్నాను. మీకు చెప్పాలని కూడా తోచలేదు. కట్టు, కట్టు అని నీకు మాత్రం రోజూ చెబుతూనే ఉన్నాను.

ఇన్‌స్పెక్టరు వచ్చాడు. వేలాడుతున్న తాడు చూసి, "కట్టలేదన్నమాట" అని రాసుకుని వెళ్లిపోయాడు. సీటు కింద చూడలేదు. నేను చూపించలేదు. వారం తిరక్కుండా బండి విప్పి పాత ఇనుముకి వేసేశాను. ఆ మెలేసిన వైరు ముక్క ఒక్కటీ పారేయలేక, స్పానర్ల పెట్టెలో అడుగున పెట్టాను. రోజూ ఆ పెట్టె తెరుస్తాను, రోజూ అది అక్కడే ఉంటుంది. ఈ ఉత్తరంలో పెడుతున్నాను.

మొదటి రోజు నోరు పెగల్లేదు. తర్వాత భయమేసింది. జైలుకని కాదు, మీ అమ్మ ఇక నా మొహం చూడదని. నువ్వు వెళ్లిపోయాక, చిన్న వయసు, మర్చిపోతుందిలే అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. నీ మీద పడ్డ మాట నా మీద పడకుండా నిన్ను గొడుగులా అడ్డం పెట్టుకున్నాను. కన్నతండ్రిని, కూతురి వెనక దాక్కున్నాను. సిగ్గుతో చచ్చిపోతున్నాను తల్లీ. క్షమించమని అడగడానికి కూడా నాకు మొహం లేదు. నువ్వు బండి కొననంటే బాగుండునని మొదట అనుకున్నాను. కొనకపోతే ఈ సంగతి రాయక్కర్లేదుగా! అంతటి నీచుణ్ని. కానీ నువ్వు "మర్చిపోను, ఒట్టు" అన్నావే, చెయ్యని తప్పుకి వేసిన ఆ ఒట్టే నాచేత ఇదంతా రాయించింది.

ఇక్కడిదాకా రాసి మొన్న ఆపాను. పోస్టులో వేసేముందు మీ అమ్మకి తెలియాలి కదా. ఇవాళ భోజనాలయ్యాక, ఆవిడ మిషను ముందు కూర్చుంటే, ఎదురుగా స్టూలు వేసుకుని మొత్తం చదివాను. బళ్ల గురించి చదువుతుంటే కుడుతూనే ఉంది, "మళ్లీ ఆ దెయ్యమా" అని గొణిగింది. వైర్ల దగ్గరకొచ్చేసరికి మిషను ఆగింది. చివరిదాకా చదివాను. అరుస్తుందనుకున్నాను, ఏదైనా విసిరికొడుతుందనుకున్నాను. సూది కింద గుడ్డ అలాగే వదిలేసి నా వైపు తిరిగింది.

"ఆ మాట నేను దాన్ని అన్నప్పుడు మీరు వంటింటి గుమ్మంలోనే నిలబడి ఉన్నారు" అంది.

అవును, ఉన్నాను. మంచినీళ్ల గ్లాసు కూడా చేతిలో ఉంది.

తర్వాత లేచి బీరువా మీద నుంచి బ్యాగు దించింది. సాయం చేయబోతే నా చెయ్యి తోసేసింది. నేను కవరు మీద నీ అడ్రసు రాస్తుంటే లాక్కుని, "ఇది పోస్టులో వెయ్యొద్దు. రేపు పొద్దున బస్సుకి నేనే పట్టుకెళ్తాను" అంది.

"ఆ మోకాళ్లతో పదకొండు గంటల ప్రయాణం ఎలా చేస్తావు?" అన్నాను.

"దాన్ని ఆ మాట పోస్టులో అన్నానా? ఎదురుగా నిలబడి అన్నాను" అంది. అంతే. వైరు ముక్క తీసుకుని తన పర్సులో వేసుకుంది. పదహారు కిటికీల కర్టెన్లు మిషను మీద అలాగే ఉన్నాయి. నన్ను రమ్మనలేదు. నేనూ వస్తానని అనలేదు.

కాబట్టి ఇది నువ్వు చదివేసరికి మీ అమ్మ నీ ఎదురుగానే ఉంటుంది. ఆవిడకి కోపమా అని అడిగావు. కోపమే, కానీ నీ మీద కాదు. ఏడిస్తే ఏడవనీ, ఆపకు. మీరిద్దరూ కలిసి ఏడ్చే అవకాశం కూడా నేనే లేకుండా చేశాను. మెట్లెక్కి వచ్చి ఉంటుంది, కాళ్ల కింద దిండు పెట్టు. తిరిగి ఎప్పుడు పంపిస్తావో, అసలు పంపిస్తావో లేదో మీ ఇద్దరి ఇష్టం. నాకు నువ్వు జవాబు రాసినా రాయకపోయినా సరే.

ఆదివారం ఆవిడని కూడా తీసుకుని టీచరమ్మ ఇంటికి వెళ్లు. బండి స్టార్ట్ చెయ్యి, ఇంజను బాగా వేడెక్కనీ. సీటు తీయించి వైర్లన్నీ చూడు, ఎక్కడైనా టేపు చుట్టి ఉంటే విప్పించు. తర్వాత తాడు మీ అమ్మ చేతికిచ్చి లాగమను. ఇంజను ఆగాలి. ఒకసారి కాదు, పదిసార్లు లాగించు. పదిసార్లూ ఆగాలి. తొమ్మిదిసార్లు ఆగి ఒకసారి ఆగకపోయినా ఆ బండి తీసుకోవద్దు. ఏం కాదులే, బాగానే ఉంది అని ఏ మెకానిక్కు చెప్పినా నమ్మకు.

ఇట్లు,
మీ ఇద్దరాడపిల్లల నాన్న