రాంప్ తీసిన చోట

డ్వేన్, నేను డ్యూటీకి వెళ్తున్నా. శనివారం ఇల్లు చూడ్డానికి మనుషులొస్తారు. ముందు గడ్డి కోసెయ్. మెట్లకు అటూ ఇటూ చామంతి కుండీలు పెట్టు. తర్వాత వీధి గుమ్మానికి మీ బావ చక్రాల కుర్చీ కోసం వేయించిన చెక్క రాంప్ తీసెయ్. "అది కనబడితే కొనేవాళ్లకి జబ్బే గుర్తొస్తుందమ్మా" అంది ఇల్లు అమ్మిపెట్టే ఆవిడ. ఆయన పోయి నాలుగు నెలలే అయిందని ఆవిడకి తెలుసు, అయినా అంది.

రాంప్ కింద గడ్డి చచ్చిపోయి ఉంటుంది. మట్టి గుల్ల చేసి ఈరోజే విత్తనం చల్లు. "సెప్టెంబరు దాటాక చల్లితే పిట్టలకి మేత వేసినట్టే" అనేవారు మీ బావ. పైన ఎండుగడ్డి పరిచి తడుపు.

అన్నం ఫ్రిజ్‌లో ఉంది.

మర్చిపోయా, సాయంత్రం వెనక తలుపు గడియ తీసి ఉంచు. కొన్నాళ్లు అటునుంచే వస్తాను.

– అక్క