భూక్యా సక్రి కుడిచేతి కష్టార్జితం

ఖమ్మం జిల్లా టేకులపల్లి మండలం ఎర్రవాగు తండా నివాసి, కీర్తిశేషులు పూల్‌సింగ్ భార్య భూక్యా సక్రి అను నేను, అరవై రెండేళ్ళ వయసులో, మతి నిలకడగా ఉండి, ఎవరి ఒత్తిడీ లేకుండా రాయించిన వీలునామా.

1. వాగు పక్క మూడెకరాల చెలక నా కూతురు చాందికి చెందాలి. 1987లో నా కుడిచేయి చల్లబడి, వేళ్ళు తెల్లబారి, కొడవలి జారిపోయేది. పని ఎగ్గొట్టే వేషమని నా మరిది రాందాస్ తండా అంతా చాటాడు. నర్సు భారతమ్మ నా మణికట్టు పట్టి చూసి, నాడి అందడం లేదని హైదరాబాదు దవాఖానాకు తీసుకుపోయింది. భుజం దగ్గర రక్తనాళం మూసుకుపోయిందనీ, ఆలస్యమైతే చెయ్యి తీసెయ్యాలనీ డాక్టరు చెప్పాడు. ఆపరేషన్‌కు భుజం దాకా ఉన్న గాజులు కోయాలన్నారు. మొగుడు బతికుండగా కూడదని మా అత్త ఏడ్చింది.

"గాజులు మళ్ల ఏస్కోవచ్చు. చెయ్యి మొలుస్తదా? కొయ్యుండ్రి" అన్నాడు పూల్‌సింగ్.

నా తొడలోంచి నరం తీసి, మూసుకున్న చోటును తప్పించి, చేతి నాళానికి కుట్టారు. మెలకువ వచ్చేసరికి వేళ్ళు వెచ్చగా ఉన్నాయి. పూల్‌సింగ్ ఆ చేతిని చెంపకు ఆనించుకున్నాడు. ఆ చేతికి బిగుతుగా ఏదీ వద్దని డాక్టరు అన్నాడు కాబట్టి ఆ ఏడు తీజ్ పండుగలో వట్టి చేత్తోనే ఆడాను. నవ్విన వాళ్ళకు కుట్ల మచ్చ చూపించాను.

2. నేను దవాఖానాలో ఉండగా, ఒంటిచేతి దానికి చేనెందుకని రాందాస్ నా గట్టు దున్ని, పక్కనున్న తన చేలో కలుపుకున్నాడు. రెండేళ్ళకు అదే చేత్తో గడ్డపార పట్టి గట్టు తిరిగి పోశాను. పక్కనే పూల్‌సింగూ నేనూ బావి తవ్వాం. ఆ బావి నీళ్ళు తోడుకునే హక్కు రాందాస్‌కూ అతని పిల్లలకూ ఎప్పటికీ ఉంటుంది. చాందిని అడగనక్కర్లేదు. గట్టు మాత్రం జరపకూడదు.

3. ఇల్లూ, ఎడ్ల జతా కొడుకు గోపాలుకు. అతనికి సారపాక మిల్లులో నౌకరీ ఉంది. నా చెయ్యి మానేదాకా నన్ను కూర్చోబెట్టి తినిపించి, ఒక్కతే విత్తనాలు వేసింది చాంది. చేను అందుకే ఆమెకు. గోపాలూ, నీమీద కోపం లేదు.

4. ఆపరేషన్ తర్వాత మొదట కుట్టిన అద్దాల బొంత భారతమ్మకు. ఒక అంచు వంకర పోయింది. విప్పి కుట్టించవద్దు. ఈ వీలునామా అమలు చూసే బాధ్యతా ఆమెదే.

దస్తూరి రాసిన వెంకటప్పయ్య గారు వేలిముద్రకు సిరా దిమ్మె జరిపారు. వద్దన్నాను. వేళ్ళ కసరత్తుకని భారతమ్మ నాలుగక్షరాలు దిద్దించింది. అవి నాకు వచ్చు.

తేదీ: 14 నవంబరు 1993

(సంతకం) భూక్యా సక్రి

సాక్షులు: ధరావత్ బద్యా, బానోత్ దేవ్లా