పావురం నమూనా

తిరువూరు, డిసెంబరు 1974, శుక్రవారం రాత్రి

కిందటేడు తన చివరి రోజున నా భార్య సుగుణ దిండుకి ఆనుకుని కూర్చుని, క్రిస్మస్ చెట్టుకి వేలాడదీసే పావురం నమూనా గీసింది. కాగితంలో ఒక సగాన ముందు నుంచి కనిపించే రూపం, రెండో సగాన పక్క నుంచి కనిపించేది. మధ్యలో గోటితో మడత పెట్టి, "ఈ మడత సరిగ్గా చెక్క అంచు మీద పడాలండీ" అంది. తెల్లవారేసరికి లేదు.

ఏటా గీసేది తను, సన్న రంపంతో కోసేది నేను. కాగితాన్ని మడత దగ్గర వంచి చెక్క దిమ్మె రెండు పక్కలకీ అంటించి, రెండు వైపుల నుంచీ గీత వెంటే కోయాలి. కోశాక కాగితం మిగలదు. అందుకే ఇన్నాళ్లూ దాన్ని ముట్టుకోలేదు.

ఇవాళ కార్బన్ పెట్టి నకలు తీశాను. సుగుణ చెల్లెలు మేరీ చూసి, "ఇది పావురమా బావగారూ? మా విస్సన్నపేట బాతులా ఉంది" అంది. చాలా రోజులకి నవ్వాను. వెళ్లబోతూ తనే, "అక్క గీసింది బీరువాలో దాచుకోమని కాదుగా" అంది.

తను వెళ్లాక మరో నకలు తీశాను. మెడ మళ్లీ లావుగానే వచ్చింది. టేకు ముక్కని నునుపు చేసి పెట్టాను. రంపం తప్పితే పావురమూ ఉండదు, కాగితమూ ఉండదు...

రేపు ఉదయం సుగుణ గీసిన కాగితానికే జిగురు రాసి చెక్కకి అంటిస్తాను.