మిద్దె మీద కొరియా

జూలై 13, ఆదివారం

రేపటి నుంచి నేను కొరియాలో ఉంటా. మా మిద్దె మీదే!

కారణం రాసి పెట్టుకోవాలి. కొరియా యూనివర్సిటీలో సీటు నాకూ వచ్చింది, సుస్మితకూ వచ్చింది. మేం కవలలం. నేను ఏడు నిమిషాలు పెద్ద. నాయన ఈ ఏడు ఒక్కరికే ఫీజు కడతాడంట, రెండో వాళ్ళ సంగతి తర్వాత చూస్తాడంట. ఆ ఒక్కరు ఎవరో అడగాల్సిన పనేముంది!

అన్నాలు తినేటప్పుడు సుస్మిత అక్కడి హాస్టల్ రూల్స్ చదివింది. పద్నాలుగు పేజీలు. గదికి ఇద్దరు. గది మనమే ఊడ్చుకోవాలి, బట్టలు మనమే ఉతుక్కోవాలి. చెత్తని రకాల వారీగా వేరు చేయాలి. గదిలో వండకూడదు. అర్ధరాత్రి గేటు మూసేస్తారు. తప్పు చేస్తే పెనాల్టీ మార్కులు, పదికి చేరితే సామాన్లు బయట. కట్టిన డబ్బు తిరిగి రాదు.

నాయన చేయి కడుక్కుంటా "మన సుధీర్‌గాడు నిలబడతాడా?" అన్నాడు. కొడుకు కొరియా పోతా ఉండాడని దుత్తలూరు మండలమంతా చెప్పుకున్న మనిషి అడగాల్సిన మాటేనా అది? నాకు రోషం వచ్చింది. నెలాఖరు దాకా పైగదిలో అవే రూల్స్‌తో ఉండి చూపిస్తానని చెప్పినా. వార్డెన్‌గా సుస్మితను నేనే పెట్టినా. "సరే. చూసి ఫీజు కడతా" అన్నాడు నాయన.

జూలై 14, సోమవారం

5:30 – లేచినా! నా అంతట నేనే! (అమ్మ పిలిచింది. కానీ మూడోసారికే లేచినా.)
6:00 – గది ఊడ్చినా. దుమ్ము ఎక్కడికి తొయ్యాలో తెలీక మంచం కిందికి తోసినా.
7:00 – చెత్తకి అయిదు బకెట్లు. ప్లాస్టిక్, కాగితం, సీసాలు, డబ్బాలు, మిగిలిన అన్నం. అన్నం బకెట్‌కి పని లేదు, బర్రె ఉండాది.

పెనాల్టీ: మంచం కింద దుమ్ముకి ఒకటి. వార్డెన్ అంటే అట్టా ఉండాలి. నా సెలెక్షన్!

జూలై 15, మంగళవారం

గొప్ప ఐడియా వచ్చింది. ఫోన్‌లో కొరియా టైం పెట్టినా. వాళ్ళు మనకంటే మూడున్నర గంటలు ముందు. అలవాటు కావాలి కదా! అందుకని సాయంత్రం ఆరున్నరకి, అంటే అక్కడ రాత్రి పది కాబట్టి, పడుకున్నా.

జూలై 16, బుధవారం

పొద్దున ఎనిమిదికి లేచినా. ఇండియా టైం. సుస్మిత గుమ్మంలో నిలబడి, పడుకునేదానికి కొరియా టైం, లేచేదానికి ఇండియా టైం ఏంది, ఏదో ఒక దేశంలో ఉండమనింది. రెండు మార్కులు వేసింది. ప్రయాణం చేసేవాడికి మొదట్లో ఇట్టాంటి ఇబ్బంది ఉంటాదని నెట్‌లో రాసుంది. ఈమెకి చెప్పినా అర్థం కాదు.

జూలై 17, గురువారం

రూమ్మేట్ లేకుండా ఏం ప్రాక్టీసు? ఉదయగిరి నుంచి నయీమ్‌ని పిలిపించినా. ఇంటర్‌లో నా పక్క బెంచీ. ఇప్పుడు వాళ్ళ మామ సెల్ షాపులో ఉంటాడు. రూమ్మేట్ ఫారినర్ మాదిరి ఉండాలి కాబట్టి ఉర్దూ తప్ప ఇంకో భాష మాట్లాడొద్దని చెప్పినా. నాకు కొరియన్ ఎంత వచ్చో ఉర్దూ అంతే వచ్చు. సరిగ్గా సరిపోయినాడు.

జూలై 18, శుక్రవారం

హాస్టల్ వాళ్ళకి టీబీ లేదని ఎక్స్‌రే కాగితం కావాలంట. నెల్లూరు పోయి తీయించుకున్నా. సుస్మిత కూడా బస్సెక్కింది. ఈమెకెందుకంటే, "ఇద్దరికీ తీయించండి, పడుంటాది" అన్నాడంట నాయన. దండగ.

దారిలో ఆత్మకూరు బస్టాండ్‌లో ఆమెకి కారం దోశ ఇప్పించినా. కొరియా నుంచి ముఖానికి పూసుకునే క్రీములు డబ్బాలు డబ్బాలు పంపిస్తాననీ, పాత మార్కులు కొట్టేయమనీ మంచి మాటలు చెప్పినా. దోశ మొత్తం తిని, లంచానికి రెండు మార్కులు వేసింది. మొత్తం అయిదు.

జూలై 19, శనివారం

నయీమ్ వెళ్ళిపోయినాడు. పోతా పోతా వార్డెన్‌కి తెలుగులోనే ఫిర్యాదు చేసినాడు. తడి టవల్ అతని దుప్పటి మీద వేస్తానంట. అతని సబ్బు నాదే అనుకుంటానంట. "గది మార్చమ్మా, లేకుంటే బస్సుకి పోనీ" అన్నాడంట. ఇన్నేళ్ళ స్నేహం! ఒక మార్కు.

జూలై 21, సోమవారం

బట్టలు ఉతికే రోజు. బకెట్లో నానబెట్టి ఒక్క నిమిషం నడుం వాల్చినా. లేచేసరికి దండెం మీద ఆరుతా ఉన్నాయి. అమ్మ పని. కొడుకు చేతులు సర్ఫులో పాడవుతాయంట. పైగా నెయ్యి వేసిన ఉప్మా పైకి తెచ్చిచ్చింది. నేను వద్దనే అన్నా. గట్టిగా అనలేదు.

పెనాల్టీ అమ్మకి వేయాలి గానీ నాకేంది? ఇదే మాట వార్డెన్‌తో అన్నా. అక్కడికి అమ్మ రాదని చెప్పి ఒకటి వేసింది.

జూలై 23, బుధవారం

నిన్న రాయలేదు. అంతకు ముందు రోజు గది ఊడ్చినా కాబట్టి ఈ రోజు ఊడ్చలేదు. రోజూ ఊడిస్తే గచ్చు అరుగుతాది.

జూలై 25, శుక్రవారం

నిన్న ఆత్మకూరులో ఫ్రెండ్స్‌తో బిర్యానీకి పోయినా. చివరి బస్సు పోయింది. ఈ రోజు టిఫిన్ టైముకి ఇల్లు చేరినా. గేటు రూల్ తప్పలేదు, ఎందుకంటే నేను అసలు గేటు దగ్గరికే రాలేదు. ఈ వాదన వార్డెన్ ఒప్పుకోలేదు. రెండు మార్కులు. తొమ్మిది. ఇంక ఒక్కటే మిగిలింది.

సుస్మిత ఈ మధ్య ఊరికినే నవ్వుకుంటా ఉండాది. పొద్దున్నే లేచి కొరియన్ అక్షరాలు దిద్దుతా ఉండాది. పాపం, టైం పాస్.

జూలై 27, ఆదివారం

ఇన్‌స్పెక్షన్! నాయన చెప్పకుండా పైకొచ్చినాడు. ఒక్కడే కాదు, పార్టీ పనుల్లో ఆయన వెంట తిరిగే ముగ్గురు మనుషులతో. కొడుకు క్రమశిక్షణ చూపిద్దామని తెచ్చుకున్నాడు.

చూసింది ఇది: మంచం కింద నాలుగు ప్లేట్లు. ఒకదానికి బూజు. బీరువాలో రైస్ కుక్కర్, వైరు ఇంకా ప్లగ్‌లోనే. అయిదు బకెట్లలోనూ ఒకే రకం చెత్త. మధ్యాహ్నం పన్నెండుకి దుప్పటి ముసుగులో నేను. ముగ్గురూ గమ్మున కిందికి దిగిపోయినారు.

ఆ తర్వాత జరిగింది దాచకుండా రాస్తా. అన్నాలకి కూర్చున్నాం. సుస్మిత కంచం పక్కన పెట్టి, తల ఎత్తకుండా, "నాయనా, నన్ను పంపించు" అనింది. అంతే. ఇంట్లో ఆమె ఏదైనా అడగడం నేను ఎప్పుడూ వినలేదు.

ఆడపిల్ల ఒక్కతే అంత దూరం ఎట్టా అని అమ్మ మొదలుపెట్టింది. నాయన చేయెత్తి ఆపినాడు.

"ఈ మండలంలో ఎన్ని ఎలక్షన్లు చేసినాను నేను. ఓడిపోతాడని తెలిసి, సొంతోడని టికెట్ ఇస్తే డబ్బూ పోతాది, పరువూ పోతాది. ఫీజు పాపకి కడతా."

నాకు కడుపు మండింది. నాయన మీద, సుస్మిత మీద, నయీమ్ మీద కూడా. కానీ పైకొచ్చి పడుకున్నాక ఇంకోటి కూడా అనిపించింది. హమ్మయ్య అని. అది ఎవరికీ చెప్పను.

ఆగస్టు 31, ఆదివారం

సుస్మిత కొరియా నుంచి వీడియో కాల్ చేసింది. గది చిన్నదే గానీ కిటికీలోంచి కొండ కనిపిస్తాదంట. రూమ్మేట్ మంగోలియా అమ్మాయి. తిన్న ప్లేటు తిన్న చోటే పెడతాదంట, అలారం మోగితే దిండు కప్పుకుంటాదంట. పక్క గదుల వాళ్ళంతా వచ్చి ఈమె మీద జాలి పడతా ఉండారంట. అమ్మకి అప్పుడే కళ్ళల్లో నీళ్ళు. అంత కష్టంగా ఉంటే ఎట్టా తల్లీ అనింది.

సుస్మిత నవ్వింది. "కష్టమేముందిమా? ఇరవై ఏళ్ళు సుధీర్‌తో ఉండినా."

నాయన పడీ పడీ నవ్వినాడు. అమ్మ కూడా నవ్వింది. నేనూ నవ్వినా, అందరికంటే కొంచెం ఆలస్యంగా. గుచ్చుకునింది. రాసుకోవడానికి సిగ్గు లేదు, బాగా గుచ్చుకునింది.

రేపు సోమవారం, పైగా ఒకటో తారీఖు. మార్చిలో మళ్ళీ సీట్లు ఇస్తారంట. రేపటి నుంచి పైగదిలో మళ్ళీ మొదలు. ఈసారి ఒకే దేశం టైం!

వార్డెన్ పోస్టు ఖాళీగా ఉండాది కాబట్టి మా బర్రెని చూసుకునే పిచ్చమ్మవ్వని అడిగినా. వెంటనే ఒప్పుకునింది. నీకు చదువు రాదు కదవ్వా, మార్కుల లెక్క ఎట్టా పెడతావని అడిగినా.

"పది దాకా వచ్చులే నాయనా" అనింది. "నీకు అంతకంటే అక్కర్లేదు."