చిత్రిక పట్టిన తలుపు

మార్చి 3
లా పాస్‌లో వాన. అమ్మనీ అమ్మ ఉన్న ఇంటినీ కొండవాలు మింగేసి ఏడాది దాటింది. నాన్న నేర్పిన వడ్రంగమే నా బతుకు. ముప్పై ఒక్కేళ్లకి ఇంజనీరింగ్ చదవాలని బుద్ధి పుట్టింది. ఏ బ్రాంచో తెలీదు. పేట లైబ్రరీలో వెతుకుతున్నాను. ఏంటి ఎడెల్మిరా, సంతలో బంగాళదుంపలు ఏరినట్టు ఏరుతున్నావు, అని నవ్వాడు లైబ్రేరియన్ దోన్ అబుందియో.

మార్చి 14
వంతెనలు. అందంగా ఉన్నాయి. నావి కావు.

మార్చి 22
ఎలక్ట్రికల్. మూడో పేజీలో నిద్ర.

ఏప్రిల్ 2, సాయంత్రం 4
సాయిల్ మెకానిక్స్. నూట పన్నెండో పేజీ. వాలు జారిపోయే ముందు ఇళ్ల గుమ్మాలు వంకరపోతాయట. తలుపులు పట్టేస్తాయట.
పుస్తకం మూసేశాను.
ఆ జనవరిలో అమ్మ మూడుసార్లు కబురు పెట్టింది, తలుపు పట్టేస్తోందే అని. మూడుసార్లూ వెళ్లి చిత్రిక పట్టాను. వానలకి చెక్క ఉబ్బుతుందిలే అన్నాను. మూడోసారి విసుక్కున్నాను కూడా. తలుపు నున్నగా మూసుకుంది. నాలుగో రోజున ఇల్లు లేదు.

ఏప్రిల్ 3
చెవుల్లో చిత్రిక చప్పుడు. పని చేయకపోయినా.

ఏప్రిల్ 15
మళ్లీ వెళ్లాను. దోన్ అబుందియో ఆ పుస్తకం పక్కన పెట్టి ఉంచాడు. మట్టి రేణువుల మధ్య నీళ్లు చేరి వాటిని ఎలా విడదీస్తాయో చదివాను. లెక్కలు రాలేదు. లెక్కల పుస్తకం కూడా తీసుకున్నాను. ఇదే నాది. ఇష్టపడి కాదు. అది నన్ను వదలడం లేదు.

మే 7
పై పేటలో ఉండే పెద్దావిడ దోన్యా ప్రిమితీవా పిలిచింది. తలుపు పట్టేస్తోందట. వానలు పోయి నెలైంది, చెక్క ఉబ్బదు. చిత్రిక సంచిలోంచి తియ్యలేదు. ఇంటి వెనక నేలలో బీట. నా చెయ్యి మణికట్టు దాకా దిగింది.
ఇల్లు ఖాళీ చెయ్యమన్నాను. తలుపు బాగుచెయ్యడం చేతకాక ఇల్లే వదలమంటోంది చూడండి, అని ఆవిడ అల్లుడు ఎగతాళి చేశాడు. ఆమె మాత్రం, మీ అమ్మకీ ఇలాగే అయిందా తల్లీ, అని అడిగింది. అవునన్నాను. వెంటనే దుప్పట్లు మడతపెట్టడం మొదలుపెట్టింది. ఆమె కదిలితే అల్లుడూ కదిలాడు. పక్క రెండిళ్లవాళ్లూ కదిలారు.

మే 10
పొద్దున పదకొండింటికి వాలు జారింది. మూడిళ్లు. ఎవరూ లేరు లోపల. అల్లుడు టోపీ చేత్తో పట్టుకుని అక్కడే నిలబడిపోయాడు.

మే 12
యూనివర్సిటీ ప్రవేశపరీక్షకి ఫారం నింపాను. సివిల్. మట్టి చదువు అందులోదేనట.

మే 13
ఇల్లు పోయాక దోన్యా ప్రిమితీవా మా ఇంట్లోనే ఉంటోంది. మధ్యాహ్నం పుస్తకంలోంచి తలెత్తకుండా, అమ్మా, అని పిలిచాను. ఏమ్మా, అంది ఆవిడ వంటింట్లోంచి.
పుస్తకం పట్టుకుని వంటింట్లోకి వెళ్లాను.